నట్టల ఎంజైమ్‌లకు, వాటి నిరోధకాలకు ఏ పరీక్ష ఎంచుకోవాలి?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లోని జంతుశాస్త్ర, జీవరసాయనశాస్త్ర విభాగాల్లో పరాన్నజీవుల ఎంజైమ్‌ల మీద పని మొదలుపెట్టే విద్యార్థి చేతిలో సాధారణంగా రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి కబేళా నుంచి తెచ్చిన గొర్రె నట్టలు, రెండోది ఆ ఎంజైమ్‌లను అడ్డుకునే పదార్థం, అంటే నిరోధకం, దొరుకుతుందేమోనని నల్లమల నుంచో శేషాచలం కొండల నుంచో తెచ్చిన మొక్క సారం. కొలిచే పద్ధతి మాత్రం చాలాసార్లు అంతకుముందు ఆ విభాగంలోనే వచ్చిన సిద్ధాంత గ్రంథం నుంచి ఉన్నదున్నట్టు దిగుతుంది. ఆ పద్ధతిని ఆలోచించి ఎంచుకోదలచినవారి కోసమే ఈ పోలిక. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒక పద్ధతి ఎంత తక్కువ ఎంజైమ్‌ను పట్టుకోగలదన్నది మన ప్రయోగశాలల్లో రెండో ప్రశ్నే. పరీక్షించబోయే పదార్థం ఆ పద్ధతిని ఏ దారిన తప్పుదోవ పట్టించగలదన్న ప్రశ్నకు ముందు సమాధానం వెతకాలి, ఎందుకంటే మొక్కల సారాలలో రంగు, ప్రోటీన్లకు అంటుకునే టానిన్లు, క్షయకరణ గుణం ఉన్న ఫినాల్‌లు కలిసే ఉంటాయి, ఈ మూడూ మూడు వేర్వేరు పద్ధతులను పాడుచేస్తాయి.

గొర్రెల సంఖ్య ఎక్కువగా ఉన్న అనంతపురం ప్రాంతంలో అందుబాటులో ఉండే పరాన్నజీవి హీమాంకస్ కంటార్టస్. గొర్రె పొట్టలోని నాలుగో గదిలో, అంటే అబొమేజంలో, ఇది రక్తం తాగుతూ బతుకుతుంది. ఆడ పురుగులో రక్తంతో నిండిన ఎర్రని పేగు చుట్టూ తెల్లని అండాశయం మెలికలు తిరిగి ఉండడం వల్ల రెండు రంగుల దారం పేనినట్టు కనబడుతుంది, కాబట్టి ఏరుకోవడం కష్టం కాదు. ఎంజైమ్ కోసమే అయితే పురుగులను సెలైన్‌లో కడిగి మంచు మీద తేవచ్చు. బతికున్న పురుగు మీద కూడా పరీక్ష చేయాలనుకుంటే థర్మాస్ ఫ్లాస్కులో 37 నుంచి 39 డిగ్రీల వెచ్చని సెలైన్‌లో తేవాలి. ఈ పురుగు రక్తాహారి అన్న సంగతిని మాత్రం చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దాన్ని నూరి తీసిన ద్రావణం గోధుమ ఎరుపు రంగులో ఉండేది ఆ రక్తం వల్లనే, కింద చెప్పబోయే ఇబ్బందుల్లో సగానికి మూలం కూడా అదే. నూరడానికి ముందు పురుగులను వెచ్చని మాధ్యమంలో కొన్ని గంటలు ఉంచి, మాధ్యమాన్ని మారుస్తూ పోతే పేగులోని రక్తం చాలావరకు బయటికి వచ్చేస్తుంది.

ఎక్కువమంది ఎంచుకునే ఎంజైమ్ గ్లుటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్. పురుగు తనకు హాని చేసే రసాయనాలను వదిలించుకోవడానికి వాడుకునే ఎంజైమ్ ఇది. 1974లో హాబిగ్, పాప్స్ట్, జాకబీ వివరించిన పద్ధతి నేటికీ ప్రామాణికం: పీహెచ్ 6.5 ఫాస్ఫేట్ బఫర్‌లో గ్లుటాథయోన్, దానితో ఎంజైమ్ కలిపే సీడీఎన్‌బీ అనే రసాయనం ఒక్కొక్కటి 1 మిల్లీమోలార్ చొప్పున వేసి, 340 నానోమీటర్ల వద్ద శోషణం, అంటే ద్రావణం కాంతిని పీల్చుకునే మోతాదు, పెరగడాన్ని నిమిషనిమిషానికి చూస్తారు. సీడీఎన్‌బీని ముందుగా ఇథనాల్‌లో కరిగించుకోవాలి. అది చర్మానికి తగిలితే అలర్జీ తెప్పిస్తుంది కనుక చేతి తొడుగులు తప్పనిసరి. గ్లుటాథయోన్, సీడీఎన్‌బీ ఎంజైమ్ లేకుండానే నెమ్మదిగా కలుస్తాయి, ఆ వేగాన్ని విడిగా కొలిచి తీసివేయాలి. ఈ పద్ధతికి నేను పెద్దపీట వేయడానికి కారణం అది నిరంతర పద్ధతి కావడమే: చర్య జరుగుతుండగానే గీత కళ్లముందు కనబడుతుంది, అది తిన్నగా ఉందో వంగిందో అక్కడికక్కడే తెలుస్తుంది.

దీని బలహీనత కూడా 340 దగ్గరే ఉంది. ఫ్లావనాయిడ్లు ఆ ప్రాంతంలోనే బలంగా కాంతిని పీల్చుకుంటాయి. సారం వల్ల తొలి శోషణం 1.5 దాటితే, సాధారణ పరికరంలో ఆపైన వచ్చే చిన్న మార్పును నమ్మడం కష్టం. అలాంటప్పుడు సారాన్ని పలుచన చేయడమో, దాన్ని భాగాలుగా విడగొట్టి రంగు తక్కువ ఉన్న భాగాన్ని తీసుకోవడమో చేయాలి. హీమాంకస్ విషయంలో ఇంకో చిక్కుంది: ఈ పురుగులోని ఒక గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ రక్తంలోని హీమ్ నుంచి వచ్చే హిమాటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, హిమాటిన్ ఈ ఎంజైమ్ కుటుంబానికి తెలిసిన నిరోధకం. కాబట్టి రక్తం మిగిలిన ముడి ద్రావణంలో మొదటి నుంచే కొంత ఎంజైమ్ మూతపడి ఉంటుంది, మీ సారం మీద లెక్కకట్టే శాతం ఆ మిగిలిన భాగానిదే అవుతుంది. గ్లుటాథయోన్-అగరోజ్ కాలమ్ ఒక్కటి ఉంటే ఈ ఎంజైమ్‌ను ఒకే మెట్టులో శుద్ధిచేసి, 10 మిల్లీమోలార్ గ్లుటాథయోన్‌తో దింపుకోవచ్చు. కాలమ్‌కు పెట్టే ఖర్చు ఖరీదైన ఫ్లోరోసెన్స్ పరికరం మీద పెట్టే ఖర్చు కంటే ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

లెక్క దగ్గర ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మిల్లీలీటరు చర్యా మిశ్రమంలో, 1 సెంటీమీటరు కువెట్‌లో, నిమిషానికి శోషణం 0.096 చొప్పున పెరిగిందనుకుందాం. ఈ ఉత్పత్తి శోషణ గుణకం మిల్లీమోలార్‌కు 9.6 కనుక నిమిషానికి 0.01 మిల్లీమోలార్, అంటే 10 నానోమోల్‌ల ఉత్పత్తి తయారైందన్నమాట. అందులో 20 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటే విశిష్ట క్రియాశీలత మిల్లీగ్రాముకు నిమిషానికి 0.5 మైక్రోమోల్. ఇదే లెక్కను 96 గుంటల ప్లేటుకు యథాతథంగా వర్తింపజేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే 200 మైక్రోలీటర్లు పోసిన గుంటలో కాంతి ప్రయాణించే దూరం దాదాపు 0.5 నుంచి 0.6 సెంటీమీటర్లే. నిరోధక శాతానికి ఈ తేడా అంటదు, రెండు వైపులా కొట్టివేతకు పోతుంది. క్రియాశీలత అంకెను ఇంకొకరి అంకెతో పోల్చినప్పుడే అది బయటపడుతుంది.

నాడీ సంకేతాన్ని ముగించే ఎంజైమ్ అసిటైల్‌కోలినెస్టరేజ్‌కు 1961 నాటి ఎల్‌మన్ పద్ధతే దాదాపు అందరూ వాడతారు. ఎంజైమ్ అసిటైల్‌థయోకోలిన్‌ను విడగొడితే వచ్చే థయాల్ (గంధకం ఉన్న పదార్థం) డీటీఎన్‌బీ అనే రసాయనంతో కలిసి పసుపు రంగునిస్తుంది, దాన్ని 412 నానోమీటర్ల వద్ద చదువుతారు. చవకైన రసాయనాలు, కంటికి కనబడే రంగు, వేగం అన్నీ ఉన్న పద్ధతి ఇది. అయితే ఆక్సీహీమోగ్లోబిన్ అతి బలంగా కాంతిని పీల్చే చోటు 415 నానోమీటర్లు, అంటే హీమాంకస్ ముడి ద్రావణంలో మీరు చదవబోయే చోటే రక్తం కూర్చుని ఉంటుంది. చదివే చోటును 436 నానోమీటర్లకు జరిపితే పసుపు రంగు కొంత తగ్గుతుంది గానీ హీమోగ్లోబిన్ అడ్డు అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. థయాల్ గుణమున్న సారాలు డీటీఎన్‌బీతో నేరుగా కలుస్తాయి, డీటీటీ అనే థయాల్ క్షయకరణి ఉన్న బఫర్ అయితే పరీక్షను మొదట్లోనే ముంచేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, గొర్రె ఎర్ర రక్తకణాలకు కూడా సొంత అసిటైల్‌కోలినెస్టరేజ్ ఉంటుంది. కాబట్టి రక్తం సరిగా పోని నమూనాలో కొలుస్తున్నది పురుగు ఎంజైమ్‌నో గొర్రె ఎంజైమ్‌నో చెప్పలేం. ఒకప్పుడు కొమాఫాస్, హాలాక్సాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్‌లను నట్టల మందుగా వాడింది ఈ ఎంజైమ్‌ను అడ్డుకోవడానికే. అందువల్ల నిరోధకాన్ని గొర్రె రక్తకణాల ఎంజైమ్ మీద కూడా విడిగా పరీక్షించి రెండు ఫలితాలనూ పక్కపక్కన ఇవ్వని నివేదికకు పెద్ద విలువ ఉండదు.

ప్రోటీజ్‌లు: మూడు దారులు, మూడు అవసరాలు

ప్రోటీన్లను తెగ్గొట్టే ప్రోటీజ్‌ల దగ్గర ఎంపిక నిజంగా కష్టం. పురుగు తాగిన రక్తాన్ని అరిగించుకునేది వీటితోనే, పైగా ఒకే ద్రావణంలో సిస్టీన్, ఆస్పార్టిక్, సీరిన్, మెటలో ప్రోటీజ్‌లు నాలుగూ కలిసి ఉండవచ్చు. ఆస్ట్రేలియాలో 2014లో అనుమతి పొందిన బార్బర్‌వాక్స్ టీకాలోని ప్రోటీన్లు కూడా హీమాంకస్ పేగులోని ఇలాంటి ఎంజైమ్‌లే అన్న సంగతిని బట్టి ఈ రంగం విలువ తెలుస్తుంది.

మొదటి దారి అజోకేసిన్. రంగు అతికించిన కేసిన్‌ను ఎంజైమ్‌తో కలిపి ఉంచి, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో చర్యను ఆపి, అరగని భాగాన్ని సెంట్రిఫ్యూజ్‌లో దింపి, పైతేటకు క్షారం కలిపి 440 నానోమీటర్ల వద్ద చదవాలి. కాలరీమీటర్ ఉన్న డిగ్రీ కళాశాలలో కూడా ఇది సాధ్యమే. కానీ ఇది ఒక్క క్షణపు చిత్రమే తప్ప గీత కాదు, ఏ ప్రోటీజ్ పనిచేసిందో చెప్పదు, సారంలోని టానిన్లు కేసిన్‌ను కూడా అవక్షేపింపజేయగలవు కనుక ఎంజైమ్ పనిచేస్తున్నా చేయనట్టు చూపిస్తుంది. మొత్తం ప్రోటీజ్ క్రియాశీలత ఎంతో అంచనా కట్టడానికి ఇది చాలు. నిరోధకాన్ని నిరూపించడానికి దీన్ని ఒంటరిగా వాడవద్దనే నా సలహా.

రెండో దారి ఫ్లోరోసెన్స్. జడ్-ఫినైల్‌అలనైల్-ఆర్జినైల్-ఏఎంసీ వంటి చిన్న పెప్టైడ్ తెగినప్పుడు విడుదలయ్యే ఏఎంసీ, 380 నానోమీటర్ల దగ్గర కాంతి ఇస్తే 460 దగ్గర వెలుగుతుంది. కేథెప్సిన్ రకం సిస్టీన్ ప్రోటీజ్‌లకు, మలేరియా పరాన్నజీవిలోని ఫాల్సిపెయిన్‌లకు పీహెచ్ 5.5 దగ్గర, డీటీటీ సమక్షంలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. అతి తక్కువ ఎంజైమ్ చాలు, నిరంతరంగా చూడవచ్చు, చలన స్థిరాంకాలు కట్టవచ్చు. శుద్ధిచేసిన ఒకే పదార్థాన్ని, లేదా సంశ్లేషించిన సమ్మేళనాల వరుసను పరీక్షించేవారికి ఇంతకంటే మేలైనది లేదు. ముడి సారాలకు మాత్రం ఇది ప్రమాదకరం. రంగున్న సారం లోపలికి వెళ్లే కాంతినీ బయటికి వచ్చే వెలుగునూ మింగేస్తుంది, తెరపై అది అచ్చంగా నిరోధం లాగే కనబడుతుంది. దీనికి ఒక సులువైన తనిఖీ ఉంది: ఎంజైమ్ లేని గుంటలో తెలిసిన గాఢత గల ఏఎంసీని పోసి, పక్కన అదే ఏఎంసీకి సారం కలిపి చదవాలి. రెండో గుంట వెలుగు గణనీయంగా తగ్గితే ఆ గాఢతలో ఈ పద్ధతి పనికిరాదు. ఇంకో ఉచ్చు డీటీటీలో ఉంది. క్వినోన్ రకం పదార్థాలు డీటీటీతో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, అది సిస్టీన్ ప్రోటీజ్ క్రియాస్థానాన్ని ఆక్సీకరించి చంపుతుంది. కేటలేజ్ కలిపినప్పుడు నిరోధం మాయమైతే మీరు కనుగొన్నది మందు కాదు, పెరాక్సైడ్.

మూడో దారి జైమోగ్రఫీ. 0.1 శాతం జెలటిన్ కలిపిన ఎస్‌డీఎస్ జెల్ మీద నమూనాను మరిగించకుండా, క్షయకరణి లేకుండా నడిపి, 2.5 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో ఎస్‌డీఎస్‌ను కడిగి, తగిన బఫర్‌లో రాత్రంతా 37 డిగ్రీల వద్ద ఉంచి కూమసీ రంగు వేస్తే, నీలి జెల్ మీద ప్రోటీజ్ ఉన్నచోట తెల్లని పట్టీ తేలుతుంది. ముడి ద్రావణంలో ఎన్ని ప్రోటీజ్‌లున్నాయో, ఏది ఏ పరిమాణంలో ఉందో ఒక్క జెల్ చూపిస్తుంది. జెల్‌ను నిలువు పట్టీలుగా కోసి ఒకదాన్ని ఇ-64లో, ఒకదాన్ని పీఎంఎస్ఎఫ్‌లో, ఒకదాన్ని ఫెనాంత్రోలిన్‌లో, ఒకదాన్ని పెప్‌స్టాటిన్‌లో (వరుసగా సిస్టీన్, సీరిన్, మెటలో, ఆస్పార్టిక్ ప్రోటీజ్‌ల నిరోధకాలు) ఉంచితే ఏ పట్టీ ఏ తరగతిదో తెలుస్తుంది, ఒక్కో తరగతికి తగిన పీహెచ్ పాటించాలన్నది మాత్రం మరవరాదు. వదులుగా అంటుకునే నిరోధకాలను నమూనాలో కలిపితే జెల్‌లో నడిచేటప్పుడే విడిపోతాయి కాబట్టి వాటిని తప్పనిసరిగా బఫర్‌లోనే వేయాలి. ఐసీ50 విలువ, అంటే ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే నిరోధక గాఢత, దీనినుంచి రాదు. టానిన్ల బెడద ఇక్కడ ఇంకా ఎక్కువ: మన ప్రాంతంలో తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క వాడింది ఎందుకో తెలిసినవారికి వివరించనక్కరలేదు, జెలటిన్ కూడా తోలులోని కొల్లాజెన్ నుంచి వచ్చినదే. తంగేడు, తుమ్మ, కరక్కాయ వంటివాటి సారాన్ని బఫర్‌లో కలిపితే జెల్‌లోని జెలటిన్ తానే పదునెక్కి, ప్రోటీజ్‌కు లొంగకుండా పోగలదు.

కనుక ముడి పురుగు ద్రావణంతో పనిచేసేవారు ముందు జైమోగ్రఫీతో ఏ తరగతి ప్రోటీజ్ ప్రధానమో తేల్చుకుని, ఆ తరగతికి తగిన చిన్న సబ్‌స్ట్రేట్‌తో (ఎంజైమ్ పనిచేసే పదార్థంతో) సంఖ్యలు రాబట్టడం మంచి క్రమం. ఫ్లోరోసెన్స్ పరికరం లేనిచోట పారా-నైట్రోఅనిలైడ్ సబ్‌స్ట్రేట్‌లు వాడి 405 నానోమీటర్ల వద్ద చదవవచ్చు. సున్నితత్వం తగ్గినా, వైద్య కళాశాలల్లో ఉండే ఎలీసా రీడర్‌కు సాధారణంగా 405, 450, 492, 630 ఫిల్టర్లు ఉంటాయి కనుక ఇది ఇట్టే కుదురుతుంది. 340 ఫిల్టర్ వాటిలో చాలావాటికి ఉండదు, పరికరం చూడకుండా సీడీఎన్‌బీ తెప్పించుకోవద్దు.

మలేరియా లాక్టేట్ డీహైడ్రోజనేజ్ గురించి

మలేరియా పరాన్నజీవి శక్తి కోసం వాడుకునే ఈ ఎంజైమ్ విషయంలో రెండు వేర్వేరు పనులను ఒకటిగా పొరబడడం తరచూ జరుగుతుంది. 1993లో మాక్లర్ బృందం ప్రవేశపెట్టిన పద్ధతిలో, ఎన్ఏడీ అనే సహఎంజైమ్‌కు బదులు ఏపీఏడీ అనే దాని సదృశాన్ని వాడతారు. పరాన్నజీవి ఎంజైమ్ దాన్ని వేగంగా వాడుకుంటుంది, మనిషి రక్తకణాల ఎంజైమ్ చాలా నెమ్మదిగా వాడుకుంటుంది. చివర ఎన్‌బీటీ అనే రసాయనం క్షయకరణం చెంది ఇచ్చే నీలి రంగును 650 నానోమీటర్ల దగ్గర చదువుతారు. పెంపకంలో ఉన్న పరాన్నజీవులకు మందు వేసి ఈ పరీక్ష చేస్తే కొలుస్తున్నది ఎన్ని పరాన్నజీవులు మిగిలాయన్నదే, ఎంజైమ్ ఇక్కడ కేవలం గుర్తు. ఎంజైమ్‌నే అడ్డుకునే పదార్థం వెతకాలంటే, బాక్టీరియాలో తయారుచేసి శుద్ధిచేసిన ఎంజైమ్‌తో, పైరువేట్ వైపు నుంచి చర్యను నడిపి, ఎన్ఏడీహెచ్ తగ్గడాన్ని 340 వద్ద చూడడం ఉత్తమం. రంగు మార్పు పద్ధతిలో మరో మోసం ఉంది: మొక్కల పాలీఫినాల్‌లు ఎన్‌బీటీని నేరుగా క్షయకరించి నీలి రంగు పుట్టిస్తాయి, అందువల్ల నిజమైన నిరోధకం కూడా నిరోధకం కానట్టు కనబడుతుంది. పోలిక కోసం తెలిసిన నిరోధకం కావాలంటే పత్తి గింజల్లోని గాసిపాల్ ఉంది, ఆదోని పత్తి మార్కెట్ పక్కనే ఉన్నవారికి ఈ పేరు కొత్త కాదు. అది అనేక ఇతర ఎంజైమ్‌లనూ అడ్డుకునే విషపదార్థం కనుక దాన్ని కొలబద్దగానే చూడాలి.

కొలబద్ద నిరోధకాల మాట వచ్చింది కనుక ఒక సంగతి. ఆల్‌బెండజోల్, ఐవర్‌మెక్టిన్, లెవామిసోల్ మంచి నట్టల మందులే గానీ అవి పనిచేసేది వరుసగా ట్యూబ్యులిన్ మీద, గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ ద్వారాల మీద, నికోటినిక్ గ్రాహకాల మీద. గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ పరీక్షలో ఆల్‌బెండజోల్‌ను ప్రామాణిక నిరోధకంగా పెట్టి, దానికంటే మన సారమే మెరుగని రాయడం అర్థరహితం. ఆ ఎంజైమ్‌కు ఇథాక్రైనిక్ ఆమ్లం, కోలినెస్టరేజ్‌కు ఎసెరిన్, సిస్టీన్ ప్రోటీజ్‌లకు ఇ-64 సరైన కొలబద్దలు.

థర్మల్ షిఫ్ట్ పద్ధతి ఇప్పుడు కొందరికి అందుబాటులోకి వచ్చింది, కోవిడ్ కాలంలో వచ్చిన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రాలు ఖాళీగా ఉన్నచోట్ల దీన్ని చేయవచ్చు. శుద్ధిచేసిన ప్రోటీన్‌కు సైప్రో ఆరెంజ్ అనే వెలిగే రంగు కలిపి వేడిచేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర విప్పుకుంటుందో చూస్తారు, పదార్థం అంటుకుంటే ఆ ఉష్ణోగ్రత సాధారణంగా పెరుగుతుంది. అంటుకోవడం వేరు, అడ్డుకోవడం వేరు. ముడి సారాలకు ఇది అసలు సరిపోదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా నిరోధం కనబడగానే ముందు టానిన్లను అనుమానించాలి. చర్యా మిశ్రమంలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బోవైన్ సీరం అల్బుమిన్ గానీ, 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 గానీ కలిపి మళ్లీ చేయండి. నిరోధం పోతే అది ఎంజైమ్‌ను ప్రత్యేకంగా పట్టుకున్న పదార్థం కాదు, ప్రోటీన్ కనబడితే చాలు అంటుకునేదో, గుంపుగా కూడి ఎంజైమ్‌ను చుట్టుముట్టేదో. సారాన్ని ముందే పాలీవినైల్ పాలీపైరోలిడోన్‌తో కలిపి వడకట్టినా టానిన్లు చాలావరకు పోతాయి. సంబంధం లేని ట్రిప్సిన్ వంటి ఎంజైమ్‌ను కూడా అదే గాఢతలో అడ్డుకుంటే ఆ సారాన్ని అక్కడితో వదిలేయడం మంచిది. సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ 1 శాతం దాటకుండా, అన్ని గొట్టాల్లో సమానంగా ఉండాలి.

ఐసీ50 అంకె ఒక్కటే చాలని అనుకోవద్దు, అది సబ్‌స్ట్రేట్ గాఢతతో పాటు మారుతుంది. పోటీపడే నిరోధకం అని తేలితే, 1973లో చెంగ్, ప్రూసాఫ్ చూపినట్టు, సబ్‌స్ట్రేట్ గాఢతను కే-ఎమ్‌తో (ఎంజైమ్ గరిష్ఠ వేగంలో సగం వేగంతో పనిచేసే సబ్‌స్ట్రేట్ గాఢతతో) భాగించి, వచ్చిన దానికి 1 కలిపి, ఆ మొత్తంతో ఐసీ50ను భాగిస్తే కే-ఐ, అంటే నిరోధకం ఎంజైమ్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే స్థిరాంకం, వస్తుంది. ముడి సారానికి ఈ లెక్క కట్టకూడదు, అందులో ఏ పదార్థం ఎంత గాఢతలో ఉందో తెలియనప్పుడు మోలార్ విలువకు అర్థమే లేదు. ఎంజైమ్‌తో ముందుగా కలిపి ఉంచిన సమయం పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంటే అది శాశ్వతంగా అంటుకునే రకం కావచ్చు. మిశ్రమాన్ని నూరు రెట్లు పలుచన చేసినా ఎంజైమ్ కోలుకోకపోతే ఆ అనుమానం బలపడుతుంది, అప్పుడు ఐసీ50 పక్కన ముందస్తు సమయం రాయకపోతే ఆ అంకెను ఇంకెవరూ వాడుకోలేరు.

మన ఊళ్ల నీళ్లు, ఎండ కూడా ఎంపికలో భాగమే. అనంతపురం భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. యాసిడ్ ఫాస్ఫటేజ్‌కు ఫ్లోరైడ్ తెలిసిన నిరోధకం, కాబట్టి బోరు నీటితో కడిగిన గాజు సామానును స్వేదనజలంతో పలుమార్లు కడగకుండా ఆ ఎంజైమ్ జోలికి పోవద్దు. నీటి కఠినత్వానికి కారణమైన కాల్షియం మెటలో ప్రోటీజ్‌ల ఫలితాలను మార్చగలదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో 25 డిగ్రీల పరీక్ష చేస్తున్నామనుకోవడం భ్రమ, కువెట్ లోపలి ద్రావణం గది వేడికే చేరుకుంటుంది. శీతలీకరణ ఉన్న కువెట్ హోల్డర్ లేకపోతే, ఏడాది పొడవునా 37 డిగ్రీలనే పాటించడం తెలివైన పని, ఎందుకంటే వేడి చేయడానికి చిన్న వాటర్ బాత్ చాలు, చల్లబరచడానికే పెద్ద పరికరం కావాలి. అలా చేస్తే సీడీఎన్‌బీ తనంతట తాను కలిసే వేగం కూడా పెరుగుతుందని గుర్తుంచుకుని దాన్ని ప్రతిరోజూ కొత్తగా కొలవాలి.

శుద్ధమైన ఎంజైమ్‌ను తక్కువ గాఢతలో అడ్డుకున్న పదార్థం పురుగును ఏమీ చేయకపోవచ్చు, నట్టకు గట్టి పైపొర ఉంటుంది, పదార్థం దాన్ని దాటాలి. అందువల్ల ఎంజైమ్ పరీక్షలో నిలిచిన వాటికి గుడ్లు పొదిగే పరీక్ష, డింభకాల కదలిక పరీక్ష వెంటనే పెట్టుకోవాలి. రెండిటికీ గొర్రె పెంటికల నుంచి తీసిన గుడ్లు, ఒక మైక్రోస్కోపు చాలు. గొర్రె మీద పరీక్ష మాత్రం సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టరానిది. ఆ దశకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటి చోట పశువైద్యుల భాగస్వామ్యం కోరుతూ, అప్పటికి చేతిలో ఉన్న ఎంజైమ్ ఫలితాలతో పాటు గొర్రె సొంత ఎంజైమ్ మీద వచ్చిన ఫలితాలను కూడా వారి ముందు పెట్టాలి.